గృహవిజ్ఞానము: సత్తుసామానుకు అతుకు

రావులపాలెము నుండి ఒక సోదరి పంపిన ప్రశ్న ఈ నెల మన శీర్షికకు విషయమైనది. ఆమె మఱది ఇంటి పెరటిలో రేకులపాక వేసికొని ఇనుపగేట్లు, కిటికీ చట్రములు అతుకు పని చేయుచున్నాడు. తీగను తానే అందించు మిగ్ వెల్డింగు యంత్రము ఆతని యొద్ద కలదు. ఇనుపపనికి లోటు లేదు. అయితే ఇరుగుపొరుగువారు చిల్లిపడిన సత్తుతపేలాలు, పాలక్యాన్లు, పెండ్లివంటల గుండిగలు, విఱిగిన అల్యూమినియపు నిచ్చెనలు కూడ తెచ్చి అతికిపెట్టుమనుచున్నారట. ఒకమాఱు ప్రయత్నింపగా యంత్రములో తీగ చిక్కుపడినది. కందిగింజంత యున్న చిల్లి అరచేతి యంతయైనది. స్పూల్ గన్ అను ఉపకరణమును, ఆర్గాన్ వాయువు సిలిండరును కొన్నచో అన్నియు చక్కబడునని అంగడివారు చెప్పుచున్నారట. తన మెడలోని గొలుసు కుదువబెట్టి వానిని కొనవచ్చునా యని ఆ సోదరి అడుగుచున్నది.

అంగడివారి మాట పూర్తిగ అసత్యము కాదు. పూర్తిగ సత్యమును గాదు. ఆ ఉపకరణము ఏ చిక్కును తీర్చునో, ఏ చిక్కును తీర్పలేదో తెలిసినచో, గొలుసు సంగతి దానంతట అదియే తేలిపోవును. ఇట్టి ప్రశ్న మన సీమలో ఇంకను అనేక గృహములలో పుట్టుచుండును గనుక కొంచెము విపులముగనే వ్రాయుచున్నాము.

మన యింటికి వచ్చిన విధము

ఇత్తడికి అతుకు మనకు క్రొత్త కాదు. రావులపాలెమునకు పడమరగా సిద్ధాంతము వద్ద వసిష్ఠ వంతెన దాటి పోయినచో, పెరవలి మండలమున అజ్జరము అను గ్రామము కలదు. ఆ ఊరి ఇత్తడిపని ప్రసిద్ధము. బిందెకు చిల్లిపడినచో మాట్లు వేయువాడు వీధి యరుగు క్రిందనే చిన్న కొలిమి పెట్టి, టంకముతో అతికి, కళాయి పూసి పోవుట మన పెద్దలు ఎఱిగినదే. వాడుకలో మనము సత్తు అని పిలుచు అల్యూమినియమునకు అట్టి పూర్వచరిత్ర లేదు.

ఈ లోహము మన్నులో విస్తారముగ నున్నను, దానిని చౌకగా వేఱుచేయు మార్గము 1886 వఱకు దొరకలేదు. ఆ సంవత్సరము అమెరికాలోని ఓబర్లిన్ అను ఊర చార్లెస్ మార్టిన్ హాల్ అను యువకుడు తమ ఇంటి కొట్టములోనే విద్యుత్తు సహాయమున దీనిని రాబట్టెను. ఆతని యక్క జూలియా బ్రెయినర్డ్ హాల్ కళాశాలలో రసాయనశాస్త్రము చదివిన విదుషి. తమ్ముని ప్రయోగములను దగ్గఱనుండి చూచినది. అదే సంవత్సరమున ఫ్రాన్సులో పాల్ హెరౌల్ట్ అను నాతడు కూడ ఆ మార్గమునే కనుగొనెను. ఎవరు ముందు అను వివాదము వచ్చినప్పుడు ఆ అక్క సాక్ష్యము తమ్మునకు అక్కఱకు వచ్చినది. ఇంటి కొట్టములో జరుగు పనిని ఇంటి స్త్రీ శ్రద్ధగా గమనించుట వలన కలుగు మేలునకు ఇంతకన్న మంచి నిదర్శనము వేఱొకటి కనబడదు.

పండ్రెండేండ్లలో ఆ లోహము మన రాజధానికి వచ్చినది. 1898లో మదరాసు ఆర్ట్సు స్కూలునకు అధ్యక్షుడుగా నున్న ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అచ్చట అల్యూమినియపు పాత్రలను చేయించుట ఆరంభించెను. 1900లో ఇండియన్ అల్యూమినియం కంపెనీ అను సంస్థ ఆ నగరముననే వెలసినది. క్రమముగ తపేలా, చెంబు, పాలక్యాను అన్నియు సత్తువే యైనవి.

ఒక సత్తుతపేలాను తిరగవేసి చూడుడు. పాత్ర మొత్తము ఒకే రేకును అచ్చుపై నొక్కి చేసినదై యుండును. పిడులు రివిట్లతో బిగించినవై యుండును. అతుకు ఎచ్చటను కనబడదు. ఈ లోహమును అతుకుట కష్టమగుటయే దీనికి ఒక కారణము. మందు పూసి గ్యాసుమంటతో అతుకు పద్ధతి కొంత ముందునుండి ఉన్నను, జడవాయువు కాపున విద్యుజ్జ్వాలతో అతుకు టిగ్ పద్ధతి 1941లో, తీగయే కరగుచు అతుకు మిగ్ పద్ధతి 1948లో అమెరికాలో రూపొందినవి. మన సోదరి మఱది ఇనుమునకు వాడుచున్న మిగ్ పద్ధతి మొదట ఇనుము కొఱకు పుట్టినది కాదు, అల్యూమినియము వంటి లోహముల కొఱకే పుట్టినది. అయినను ఆతనికి అది లొంగలేదు. ఏల?

లోహపు స్వభావము

సత్తుపై ఎల్లప్పుడును సన్నని పొర యొకటి కట్టియుండును. లోహము గాలిలోని ప్రాణవాయువుతో కలియుటచే ఇది పుట్టును. కాగిన పాలపై మీగడవలె తీసిన కొలది మరల కట్టును. దీనికి క్షణకాలము చాలును. లోపలి లోహమును తుప్పు నుండి కాపాడునది ఈ పొరయే. అతుకునప్పుడు మాత్రము ఇదియే విఘ్నము. లోహము 660 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. పొర కరగుటకు 2,000 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. పొరను తీయక కాచినచో లోపల లోహము నీరగును, పైన పొర సంచివలె నిలిచి రెండంచులను కలియనీయదు.

ఇనుమును కాచినచో ఎఱ్ఱబడి మనలను హెచ్చరించును. సత్తు అట్లు ఎఱ్ఱబడకయే కరగి, చూచుచుండగనే జాఱిపోవును. పని ముగిసిన పిదపను అంతే. కాలుచున్న ముక్క చల్లాఱిన ముక్కవలెనే తెల్లగా నుండును. పిల్లలు తిరుగు పెరటిలో ఈ సంగతి మఱువరాదు.

మఱియు సత్తు, ఉక్కు కన్న సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా వేడిని వ్యాపింపజేయును. అందుచేత అతుకు ఆరంభమున వేడి చాలక లోహము పట్టదు. కొసకు వచ్చుసరికి రేకు అంతయు కాగి చిల్లిపడును. మన సోదరి ఇంట కందిగింజంత చిల్లి అరచేతి యంత యగుటకు కారణమిదియే. అందు ఆ పిల్లవాని నేర్పుకు కొఱత యేమియు లేదు. ఇనుమునకు పనికివచ్చు నేర్పు దీనికి చాలదు.

స్పూల్ గన్ చేయు ఉపకారము

మామూలు మిగ్ యంత్రములో తీగచుట్ట పెట్టెలోపల నుండును. చక్రములు ఆ తీగను సుమారు పది అడుగుల గొట్టము గుండ నెట్టి చేతిపిడి కొసకు పంపును. ఉక్కుతీగ బిరుసు గనుక నెట్టినచో పోవును. సత్తుతీగ మెత్తనిది, ఉడికిన సేమియాను గొట్టములోనికి నెట్టినట్లు మధ్యలో మడతపడి, చక్రముల యొద్ద పిచ్చుకగూడువలె చుట్టుకొనును. స్పూల్ గన్‌లో అరకిలోకు లోబడిన చిన్న తీగచుట్ట చేతిపిడిపైననే యుండును. తీగ నడువవలసిన దూరము జానెడే గనుక చిక్కుపడదు.

ఆ ఉపకరణము చేయునది ఇంతమాత్రమే. అది తీగను సుఖముగ నడిపించును. పొరను తీయదు, పలుచని రేకును చిల్లిపడకుండ కాపాడదు. అన్ని యంత్రములకు అది తగులదు గనుక, తమ యంత్రమునకు తగులునో లేదో చూడక కొనరాదు.

వాయువు సంగతి. ఉక్కుపనికి వాడు బొగ్గుపులుసు వాయువుగాని, అది కలిసిన మిశ్రమముగాని సత్తునకు పనికిరాదు. శుద్ధమైన ఆర్గాన్ కావలెను. తీగను ధనధ్రువమునకు కలుపవలెను. అట్లు కలిపినచో విద్యుజ్జ్వాల తానే కొంతవఱకు పొరను పగులగొట్టును. చేతిపిడిని ముందునకు త్రోయుచు పోవలెను. వెనుకకు లాగినచో వాయువు కాపు చాలక అతుకు మసిపట్టును. తీగలలో 4043 అనుదానిలో నూటికి 5 వంతులు సిలికాన్, 5356 అనుదానిలో నూటికి 5 వంతులు మెగ్నీషియము ఉండును. రెండవది బలమైనది, కాని 65 డిగ్రీలకు మించిన వేడిలో తఱచు ఉండు వస్తువులకు తగదు. పొయ్యి వేడి తగులు వస్తువునకు మొదటిదే మేలు.

శుభ్రతయే సగము పని

ఇంటి స్త్రీకి ఈ పనిలో సహజముగ చేయి తిరిగిన భాగము ఒకటి కలదు. నూనె, జిడ్డు, చెమ్మ ఈ మూడును సత్తు అతుకునకు విరోధులు. కరగిన సత్తు వానిలోని ఉదజనివాయువును పీల్చుకొని, చల్లాఱునప్పుడు విడిచిపెట్టును. ఆ వాయువు బయటికి పోలేక లోపలనే బుడగలై నిలిచి అతుకును జల్లెడవలె చేయును. పైకి నున్నగా కనబడు అతుకు సయితము లోపల గుల్లయై యుండవచ్చును.

కావున ముందుగా అసిటోను తడిపిన శుభ్రమైన నూలుగుడ్డతో జిడ్డు తుడువవలెను. అది పూర్తిగ ఆఱిన తరువాత తుప్పుపట్టని ఉక్కుకుంచెతో పొరను గీకవలెను. ఈ క్రమము తప్పరాదు. ముందు గీకి పిదప తుడిచినచో జిడ్డు గీతలలోనికి దిగును. సత్తునకు వాడు కుంచెను ఇనుమునకు వాడరాదు. గీకిన తరువాత ఆలస్యము చేయక అతుకవలెను. అసిటోను ఇట్టే అంటుకొనును గనుక సీసాను, తడిగుడ్డను దూరముగ పెట్టిన పిదపనే యంత్రమును ముట్టవలెను.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న సీమలో గాలి యందు చెమ్మ ఎక్కువ. వానకాలమున రాత్రి బయట నుంచిన లోహము తెల్లవాఱునప్పటికి చెమ్మగిల్లియుండును. దానిని కొంచెము వెచ్చచేసి ఆఱనిచ్చి మొదలిడవలెను. తీగచుట్టను స్పూల్ గన్‌కే వదలివేయక, మనము అప్పడములు దాచినట్లు మూత బిగువైన డబ్బాలో భద్రపఱుపవలెను.

ఏది అతుకవచ్చును, ఏది అతుకరాదు

మిగ్ యంత్రమునకు స్పూల్ గన్ చేర్చి చేయు పనికి 3 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందముగల లోహము తగినది. కొలబద్దపై మూడు చిన్నగీతల దూరము. లారీల అడుగుపలకలు, అంచుపట్టీలు, గేట్ల చట్రములు, బల్లల కాళ్ళు ఇట్టివి. అరటిగెలల వర్తకమునకు పేరుపొందిన రావులపాలెమున, పెద్దరహదారి ప్రక్కన, బండ్ల మరమ్మతు కొదువ కాదు. ఆ పని యున్నచో స్పూల్ గన్ దండుగ కాదు.

తపేలాలు, గిన్నెలు దీనికి తగవు. ఉప్పు, చింతపండు పులుసు నిలువయుంచుటచే సత్తుపాత్ర అడుగు సూదిమొనలంత గుంటలు పడి తఱిగిపోవును. ఒక చిల్లి కనబడినదనగా దాని చుట్టునున్న రేకు కూడ పలుచబడినదని గ్రహింపవలెను. అట్టిదానిని మిగ్ మంట తాకినచో చిల్లి పెద్దదగును. పాతసామానువానికి తూచి యిచ్చి క్రొత్తది తెచ్చుకొనుటయే లాభము. సత్తు మరల కరగించి వాడదగిన లోహము; వ్యర్థము కాదు.

పాలక్యాను, పెద్ద గుండిగ మందముగ నున్నచో అతుకవచ్చును. పలుచనివైనచో టిగ్ పని తెలిసినవాని చేత చేయింపవలెను. ఏ విధముగ అతికినను లోపలిభాగము నున్నగా రుద్ది తీర్పవలెను. గఱుకు మిగిలినచో అందు పాలజిగట చేరి, ఎంత కడిగినను పోక, మఱునాటి పాలు విఱుగును. ఏ లోహముతో చేసినదో తెలియని అతుకుకడ్డీలను అన్నము, పాలు తగులు పాత్రలకు వాడరాదు.

ప్రెషరు కుక్కరును ఎన్నడును అతుకరాదు. అది ఆవిరి ఒత్తిడిని నిలుపు పాత్ర. బుడగలున్న అతుకు ఒకనాడు తెగినచో పొయ్యి ముందున్నవారి ముఖము, కన్నులు పోవును. దాని అడుగు ఉబ్బినను, పగులు కనబడినను పాఱవేయవలసినదే. అట్లే పెట్రోలు, డీజిలు పోసిన టాంకులు. కడిగి ఎండబెట్టినను మడతలలో మిగిలిన ఆవిరి ప్రేలుటకు చాలును. ఎంత చనువుగలవారు తెచ్చినను త్రిప్పి పంపవలెను.

నిచ్చెన విషయమున మోసపోవుట సులభము. నిచ్చెనకు వాడు సత్తును కర్మాగారమున ప్రత్యేకముగ కాచి గట్టిపఱతురు. అతుకు వేడి తగిలిన చోట ఆ గట్టితనములో చాల భాగము పోవును. అతుకు బాగుగ పట్టియే యుండును. దాని ప్రక్కనున్న కడ్డీ మెత్తబడి వంగును. కొబ్బరిచెట్టు ప్రక్కన నిచ్చెన వేసి ఎక్కిన మనుష్యుని ప్రాణము ఆ అంగుళము పైన ఆధారపడియుండును.

కన్ను, ఊపిరి, ఒడలు

సత్తు మెఱయు లోహము గనుక విద్యుజ్జ్వాల వెలుగు నలుదిక్కుల ప్రతిఫలించును. ఆ వెలుగులోని అతినీలకిరణములు తగిలినప్పుడు బాధ తెలియదు. కొన్ని గంటలకు, తఱచుగా రాత్రి నిద్రవేళ, కంటిలో ఇసుక పోసినట్లు మంట పుట్టును. పనిచేయువాడు 10 మొదలు 13 వఱకుగల సంఖ్యలలో తగిన అద్దపు ముసుగు ధరింపవలెను. తులసికోట యొద్దనుండి చూచు బిడ్డకు ముసుగు లేదు గదా! పాకకు తెఱ కట్టింపుడు. కంటికి దెబ్బతగిలినచో చనుబాలు, ఆకుపసరులు వేయక వైద్యునకు చూపుడు.

మోటారుబండ్ల బ్రేకులు కడుగు ద్రవములు కొన్నింటిలో క్లోరిన్ సంబంధమైన పదార్థములుండును. వానితో తుడిచిన లోహమును అతికినచో ఫాస్జీన్ అను విషవాయువు పుట్టవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులపై ప్రయోగించిన విషములలో అది యొకటి. కావున జిడ్డు తీయుటకు అట్టి ద్రవములను దరిచేరనీయరాదు. ఆర్గాన్ గాలికన్న బరువైనది. మూసిన గదిలో నేలను పట్టి నిలిచి, ఊపిరికి కావలసిన గాలిని తొలగించును. పని ఆరుబయటి పాకలోనే జరుగవలెను. పంకాగాలి మాత్రము సూటిగ అతుకుపైకి కొట్టరాదు. వాయువు కాపు చెదరిపోవును.

తడినేలపై నిలిచి యంత్రమును ముట్టరాదు. సిలిండరును నిలువుగ పెట్టి గొలుసుతో కట్టవలెను. నైలాను బట్టలు ఒంటికి అంటుకొని కాలును. నూలుబట్ట, తోలు చేతొడుగులు వాడవలెను.

లెక్క చూచుకొనుట

ఇక గొలుసు సంగతి. 7 ఘనమీటర్ల ఆర్గాన్ పట్టు సిలిండరు, నిమిషమునకు 12 లీటర్ల చొప్పున వాడినచో, సుమారు 580 నిమిషముల పనికి వచ్చును. అనగా పదిగంటలకు లోబడి. ఆ వాయువు ధరను, సిలిండరు అద్దెను, తీగను, కరెంటును, నేర్చుకొనునపుడు పాడగు ముక్కలను లెక్కవేయుడు. పిదప మూడు నెలలపాటు ఇంటికి వచ్చిన సత్తుపనులను ఒక పుస్తకమున వ్రాయుడు. వానిలో తపేలాలను, కుక్కర్లను, టాంకులను, నిచ్చెనలను కొట్టివేయుడు. 3 మిల్లీమీటర్లకు మించినవి ఎన్ని మిగిలినవో, వానికి ఎంత కూలి వచ్చియుండెడిదో చూడుడు. ఆ మొత్తము ఖర్చును దాటనిచో కొనవలదు. దాటినచో, గొలుసు జోలికి పోక, ఇనుపపని మిగులు నుండి కూడబెట్టి కొనుడు. గొలుసుపై వడ్డీ వానకాలమున పని లేని నెలలలో కూడ పెరుగును.

కొన్న పిదపను వెంటనే పరులవస్తువు పట్టరాదు. పాతముక్కలపై అతుకులు వేసి, పట్టుకాఱులో బిగించి విఱుగగొట్టి లోపల చూడుడు. గుల్లలు కనబడినన్నాళ్లు నేర్చుకొనుట ముగియలేదు. పాత్రయైనచో నీరు నింపి, వెలుపల పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఉంచి చెమ్మ చూడుడు. వాయుగొట్టపు బిగింపులపై కుంకుడు నురుగు పూసినచో వాయువు కాఱుట బుడగలచే తెలియును. కాఱిపోవు ఆర్గాన్ కాఱిపోవు రొక్కమే.

ఈ పని స్త్రీలకు తగదని ఎవరైన అన్నచో నమ్మవలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా, ఇంగ్లండు దేశముల ఓడల కర్మాగారములలో వేలకొలది స్త్రీలు వెల్డింగు చేసిరి. తానే నేర్చుకొనదలచినచో ఆ సోదరి కూడ ముసుగు ధరించి పాతముక్కతో మొదలిడవచ్చును. నేర్వదలపనిచో లెక్కపుస్తకము, తెఱ, శుభ్రత అను మూటిని తన చేతిలో ఉంచుకొనవలెను. ఏ వస్తువును త్రిప్పి పంపవలెనో మఱదికి మొగమాటము లేక చెప్పు అధికారమును కూడ ఆమెయే వహింపవలెను. పొరుగింటి కుక్కరును కాదనుట కష్టమే. దానిని అతికి యిచ్చుట అంతకన్న వేయిరెట్లు కష్టములు తెచ్చును.

సత్తుపాత్రలలో ఏ వంటలు చేయవచ్చును, ఏవి నిలువయుంచరాదు అను విషయమును వచ్చు నెల ముచ్చటింతము.